క్రూజ్ టికెట్ ఎప్పుడు తీసుకోవాలి? చెన్నై నుంచి వెళ్లేవాళ్లకి లెక్కలతో సహా

పోయిన అక్టోబర్లో మా అక్క నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. "ఏందిరా, సింగపూర్ ఓడ టికెట్టు ఇప్పుడే తీసుకోమంటావా, ఇంకో రెండు నెలలు ఆగితే తగ్గుద్దంటావా? నిన్న ఒక రేటు, ఇయ్యాల ఒక రేటు చూపిస్తా ఉంది" అంది. బావ, అక్క, ఇద్దరు పిల్లలు, మే 10న సింగపూర్ నుంచి బయల్దేరే క్రూజ్ (సెలవులు గడపడానికి తిరిగే ఓడ), నాలుగు రాత్రులు. నెల్లూరు వాళ్లయినా విమానం ఎక్కాల్సింది చెన్నైలోనే కాబట్టి, ఇక్కడ వేళచ్చేరిలో ఉంటున్న నన్ను అడిగింది.

ఈ ప్రశ్న ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్లోనూ నన్ను చాలామంది అడిగారు. అందరి మనసులోనూ ఒకటే ఉంటుంది: ఓడలో గదులు మిగిలిపోతే చివర్లో చవగ్గా అమ్మేస్తారంట కదా, ఆగితే పోలేదా అని. ఆ మాట అబద్ధం కాదు, కానీ అది ఓడ ఎక్కే రేవుకి కారులో వెళ్లిపోగలిగే వాళ్లకి పనికొచ్చే మాట. మనం చెన్నైలో విమానం ఎక్కి, వీసా పెట్టుకుని, పిల్లల సెలవులు చూసుకుని వెళ్లేవాళ్లం. మన లెక్క వేరు. నేను రెండు సార్లు వెళ్లాను, ఒకసారి ఆగి నష్టపోయాను, ఒకసారి ముందే తీసుకుని బాగుపడ్డాను. అక్కకి ఫోన్లో చెప్పిందే ఇక్కడ వరసగా, ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, రేటు ఎందుకు ఊగుతుందో తెలుసుకోండి

ఓడలో గదులు ఎన్నో అన్నే. మన దేశంలో క్రూజ్‌లు నడిపే కార్డీలియా కంపెనీ ఓడ ఎంప్రెస్‌లో దాదాపు 800 గదులు, సింగపూర్ నుంచి నడిచే పెద్ద ఓడల్లో దానికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా. ఓడ రేవు వదిలాక ఖాళీగా ఉన్న గది వల్ల కంపెనీకి పైసా రాదు. పైగా టికెట్ డబ్బు ఒక్కటే వాళ్ల ఆదాయం కాదు. మనిషి లోపలికొచ్చాక డ్రింకులు, వైఫై, స్పా, క్యాసినో, రేవుల దగ్గర టూర్లు, వీటన్నిటి మీదా సంపాదిస్తారు. అందుకే గది ఖాళీగా పంపడం కంటే తక్కువకి ఇచ్చి మనిషిని ఎక్కించుకోవడం వాళ్లకి లాభం.

పెద్ద కంపెనీలు ఏడాదిన్నర, రెండేళ్ల ముందే తేదీలు ప్రకటించి అమ్మకం మొదలుపెడతాయి. అప్పుడు రేటు మామూలుగా తక్కువలోనే ఉంటుంది. గదులు నిండే కొద్దీ పెరుగుతుంది. అనుకున్నంత వేగంగా నిండకపోతే మధ్యలో ఆఫర్ పెడతారు, నిండితే తీసేస్తారు. ఇదంతా గది రకాన్ని బట్టి విడివిడిగా జరుగుతుంది. బాల్కనీ గదులు మిగిలి లోపలి గదులు (కిటికీ లేనివి) అయిపోతే, రెండిటికీ తేడా కొద్దిగానే ఉండే రోజులొస్తాయి. నేను అలా ఒకసారి మనిషికి 3 వేలు తేడాతో బాల్కనీ తీసుకున్నాను, పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఆ బాల్కనీలో కూర్చుంటే మా అమ్మ గంటసేపు లేవలేదు. కాబట్టి ఒక రకం గది రేటే పట్టుకుని కూర్చోకండి, పక్క రకం కూడా చూస్తూ ఉండండి.

మీది ఏ రకం ప్రయాణమో తేల్చుకోండి

ఎప్పుడు కొనాలి అన్నది దీని మీదే ఉంటుంది.

ఒకటి, చెన్నై రేవు నుంచే ఎక్కేది. 2022 జూన్‌లో ఎంప్రెస్ ఇక్కణ్ణుంచి నడవడం మొదలైంది, 2023 జూన్‌లో ఇక్కణ్ణుంచే శ్రీలంక కూడా వెళ్లింది. నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో ఓడని ఇటు బంగాళాఖాతం వైపు తెచ్చి, మిగతా కాలం ముంబై వైపు నడపడం ఇందులో ఉన్న కిటుకు. కాబట్టి ఏడాది పొడుగునా ఉంటుందని అనుకోవద్దు, ఆ ఏడాది షెడ్యూల్ చూసుకోవాలి. విశాఖ, పుదుచ్చేరి వైపు వెళ్లిన ట్రిప్పులూ ఉన్నాయి. దీనికి విమానం అక్కర్లేదు, బీచ్ స్టేషన్ దగ్గర దిగితే రేవు అక్కడే. మన దేశంలోనే తిరిగే ట్రిప్పయితే వీసా కూడా అక్కర్లేదు. ఇలాంటి దానికి ఆగొచ్చు. ఎంతవరకు ఆగొచ్చో కింద చెప్తాను.

రెండు, సింగపూర్. చెన్నై నుంచి విమానం నాలుగు గంటల పైచిలుకు. మన వాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఇదే, మూడు నాలుగు రాత్రులు, పెనాంగ్, ఫుకెట్ చూసి రావడం. దీనికి ఆగడం దాదాపు ఎప్పుడూ కలిసిరాదు.

మూడు, యూరప్, అలాస్కా లాంటి దూరపువి. అలాస్కాకి ఓడలు నడిచేది దాదాపుగా మే నుంచి సెప్టెంబర్ దాకానే, మధ్యధరా సముద్రంలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మంచి కాలం. యూరప్‌కి కావాల్సిన షెంగెన్ వీసా, అమెరికా వీసా అపాయింట్‌మెంట్లకే నెలలు పడతాయి. వీటికి ఏడాది ముందు మొదలుపెట్టినా తొందరపడినట్టు కాదు, ఇంతకు మించి వీటి గురించి చెప్పేది లేదు.

ఓడ రేటు కాదు, గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేయండి

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిసారి వెళ్లినప్పుడు మేం నలుగురం, రెండు గదులు. ఫిబ్రవరిలో చూసినప్పుడు ఓడకి మొత్తం 2 లక్షల 10 వేలు, విమానానికి మనిషికి 22 వేల చొప్పున 88 వేలు. మొత్తం 2 లక్షల 98 వేలు. ఎవరో చెప్పారు, ఓడ ఇంకా తగ్గుతుంది ఆగు అని. ఆగాను. నిజంగానే తగ్గింది, ఏప్రిల్లో ఓడ రేటు 1 లక్ష 86 వేలకి వచ్చింది. 24 వేలు మిగిలాయని సంబరపడుతూ విమానం టికెట్లు చూస్తే మనిషికి 34 వేలు. నలుగురికి 1 లక్షా 36 వేలు. కలిపితే 3 లక్షల 22 వేలు. ఓడలో మిగిలిన 24 వేలూ పోయి, ఇంకో 24 వేలు చేతి నుంచి పడ్డాయి. పక్కపక్క గదులు అప్పటికే అయిపోవడంతో నేను, అమ్మాయి ఒక అంతస్తులో, మా ఆవిడ, బాబు మూడు అంతస్తుల పైన. రాత్రి బాబు నిద్ర లేచి నాన్న కావాలని ఏడిస్తే లిఫ్టులో వెళ్లి వచ్చేవాడిని. ఆ నాలుగు రాత్రులు మళ్లీ రావు కదా, అదే ఇప్పటికీ బాధ.

ఓడ రేటు తగ్గే రోజులు, విమానం రేటు పెరిగే రోజులు ఒకటే అన్నది మనం గుర్తుపెట్టుకోవాలి. సింగపూర్‌లో ఉండేవాళ్లకి రెండో ఖర్చు లేదు, అందుకే వాళ్లకి చివరి నిమిషం బేరం కలిసొస్తుంది.

లెక్కలో వేయాల్సినవి ఇవి: ఓడ రేటు, పోర్టు చార్జీలు, పన్నులు, రోజుకి మనిషికి ఇంతని వేసే టిప్పులు, విమానం, సామాను చార్జీ, వీసాలు, ఇన్సూరెన్స్, ఓడ ఎక్కే ముందు రోజు రాత్రి హోటల్. ఆ ముందు రోజు రాత్రి ఖర్చు మిగుల్చుకుందామని మాత్రం చూడకండి. తెల్లవారుజామున విమానం దిగి మధ్యాహ్నం ఓడ ఎక్కుదాం అనుకుంటే, విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు, డబ్బు తిరిగి రాదు.

ఆఫర్ల దగ్గర కూడా ఇదే లెక్క. "రెండో మనిషికి సగం ధర", "పిల్లలకి ఉచితం" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. పిల్లలకి ఉచితం అన్నా పోర్టు చార్జీలు, పన్నులు, టిప్పులు కట్టాల్సిందే. ఒక్కోసారి ఆఫర్ పెట్టే ముందు మొదటి మనిషి రేటు పెంచుతారు. అందుకని ఆఫర్ పేరు వదిలేసి, మీ కుటుంబం మొత్తానికి ఆఖరి పేజీలో వచ్చే అంకె ఒక్కటే పోల్చుకోండి.

ఎవరి సెలవులకి రేటు పెరుగుతుందో చూడండి

మనం మన సెలవులే చూసుకుంటాం. సింగపూర్ ఓడ రేటుని ఎక్కువగా కదిలించేది సింగపూర్ బడుల సెలవులు. అక్కడ పెద్ద సెలవులు రెండు: మే ఆఖరు నుంచి జూన్ ఆఖరు దాకా ఒకటి, నవంబర్ మూడో వారం దగ్గర నుంచి డిసెంబర్ ఆఖరు దాకా ఇంకొకటి. మార్చిలో, సెప్టెంబర్లో ఒక్కో వారం చిన్నవి. చైనా కొత్త సంవత్సరం జనవరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ వారం రేట్లు బాగా ఎక్కువ, చూడక్కర్లేదు.

ఇప్పుడు మన క్యాలెండర్ పక్కన పెట్టండి. మే ఆఖరి వారంలో మన వేసవి సెలవులు, వాళ్ల జూన్ సెలవులు కలిసిపోతాయి. రెండు వైపుల నుంచీ జనం ఎగబడే వారం అది. అదే ఏప్రిల్ ఆఖరు, మే మొదటి పక్షంలో అయితే మన సెలవులు మాత్రమే ఉంటాయి. రద్దీ ఉంటుంది, మన ఇండియా నుంచే బోలెడుమంది వస్తారు, అయినా మే ఆఖరు కంటే నయం. అక్క మొదట మే 27 అనుకుంది, నేనే 10కి మార్పించాను. పిల్లలు ఇంకా బడికి వెళ్లని వాళ్లు, లేదా పెద్దవాళ్లు ఇద్దరే వెళ్లేవాళ్లు జూలై, ఆగస్టు చూడండి.

ఇంకోటి, శుక్రవారం బయల్దేరే రెండు మూడు రాత్రుల ట్రిప్పు కంటే ఆదివారమో సోమవారమో బయల్దేరే నాలుగైదు రాత్రులది రాత్రికి ఇంత అని లెక్కేస్తే చాలాసార్లు తక్కువ పడుతుంది. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే అదే చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం: మిగతా డబ్బు కట్టాల్సిన తేదీ

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క తేదీ పట్టుకుంటే చాలు అంటాను. బుక్ చేసేటప్పుడు కొంత అడ్వాన్స్ కడతారు. మిగతా డబ్బు బయల్దేరడానికి ఇన్ని రోజుల ముందు కట్టాలి అని ఒక గడువు ఉంటుంది. విదేశీ కంపెనీల్లో అది మామూలుగా 75 నుంచి 120 రోజుల మధ్య, ట్రిప్పు పొడుగుని బట్టి. మీ కంపెనీది ఎంతో షరతుల్లో చదివి, బుక్ చేసిన రోజే క్యాలెండర్లో రాసుకోండి. అక్కది మే 10, గడువు 90 రోజులు, అంటే ఫిబ్రవరి 9.

ఆ తేదీకి ముందు మీరు రాజు. అడ్వాన్స్ తిరిగొచ్చే రకం టికెట్ అయితే, రేటు తగ్గిన రోజు ఫోన్ చేసి కొత్త రేటు అడగొచ్చు, లేదంటే రద్దు చేసి మళ్లీ తీసుకోవచ్చు. పెరిగితే మీకేం కాదు, పాత రేటు మీ పేరు మీదే ఉంటుంది. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలవుతుంది, బయల్దేరే రోజు దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతూ చివరికి మొత్తం పోతుంది. ఆ తర్వాత రేటు తగ్గినా డబ్బు వెనక్కి ఇవ్వరు. మర్యాదగా అడిగితే గది పెద్దది చేయడమో, ఓడలో వాడుకునే క్రెడిట్ ఇవ్వడమో ఒక్కోసారి చేస్తారు, దాని మీద ఆశ పెట్టుకోలేం.

అందుకే అక్కకి చెప్పింది ఇదే. "ముందు బుక్ చెయ్యక్కా. తగ్గుద్దా లేదా అని బయట నిలబడి చూడ్డం కంటే, టికెట్ చేతిలో పెట్టుకుని చూస్తా ఉందాం. ఫిబ్రవరి 9 దాకా మన చేతిలోనే ఉంటది."

దీంట్లో ఇంకో మేలు ఉంది. ప్రపంచమంతా క్రూజ్ కంపెనీలు పెద్ద ఆఫర్లు పెట్టేది జనవరి నుంచి మార్చి దాకా, దాన్ని వాళ్లు వేవ్ సీజన్ అంటారు. మనం ఎక్కువగా వెళ్లేది ఏప్రిల్ ఆఖరు, మేలో. అంటే జనవరి ఆఫర్లు వచ్చే సమయానికి మన గడువు చాలాసార్లు ఇంకా దాటి ఉండదు. అక్టోబర్లోనో నవంబర్లోనో తీసుకుని, జనవరి ఆఫర్లో రేటు తగ్గితే మార్పించుకోవడం చెన్నై కుటుంబాలకి చక్కగా కుదురుతుంది. జనవరిలోనే మొదలుపెడితే ఆఫర్ మాట నిజమే, కానీ నలుగురు పట్టే గదులు అప్పటికి తక్కువ ఉంటాయి.

అడ్వాన్స్ తిరిగిరాని రకం టికెట్లు కాస్త చవగ్గా చూపిస్తారు. తేడా ఎంతో చూడండి. మొత్తం మీద రెండు మూడు వేలే అయితే ఆ స్వేచ్ఛ వదులుకోవద్దు. తేడా ఎక్కువై, సెలవు ఖాయమై, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి టెన్షన్ లేకపోతే అప్పుడు తీసుకోండి.

ఏజెంటు ద్వారా తీసుకుంటే ఇంకో మాట అడగాలి, నేను రెండోసారి నేర్చుకున్నది ఇది. మనం రద్దు చేస్తే కోత లేదని ఓడ కంపెనీ అంది, నిజమే, కానీ ఏజెంటుకి సొంతంగా రద్దు చార్జీ ఉంది, మనిషికి 2,500. రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను చూడలేదు. అందుకని డబ్బు కట్టే ముందే వాట్సాప్‌లో ఇలా అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: "సార్, కంపెనీ రేటు తగ్గితే మాకు ఆ రేటు మార్చి ఇస్తారా? దానికి మీ చార్జీ ఎంత? రద్దు చేస్తే మీ వైపు నుంచి ఎంత కోస్తారు?" మంచి ఏజెంట్లు వెంటనే చెప్తారు. వాళ్ల దగ్గర ఒక్కోసారి గ్రూపు కోసం ముందే పట్టి ఉంచిన గదులు పాత రేటుకే దొరుకుతాయి, కాబట్టి ఏజెంటుని అడగడం దండగ అని కూడా అనను.

రేటు రాసుకునే పద్ధతి

నాకు ఒక 40 పేజీల నోటు పుస్తకం ఉంది, పిల్లలది మిగిలింది. ఒక్కో పేజీలో గీతలు గీసి ఐదు గడులు: తేదీ, లోపలి గది మొత్తం, బాల్కనీ మొత్తం, చెన్నై సింగపూర్ విమానం నలుగురికి, సింగపూర్ డాలర్ ఎన్ని రూపాయలు. ఆదివారం ఇడ్లీ తిన్నాక పది నిమిషాలు కూర్చుని నింపుతాను. రోజూ చూడొద్దు, రోజూ చూస్తే చిన్న చిన్న కదలికలకి మనసు ఊగుతుంది, పని జరగదు. వారానికొకసారి చాలు. గడువుకి ముందు ఆఖరి పదిహేను రోజులు మాత్రం రెండు రోజులకొకసారి చూడండి.

ఒకే తేదీ, ఒకే రకం గది, అంతే మంది, ఒకే కరెన్సీ. ఇందులో ఒకటి మారినా పోలిక చెడుతుంది. మన దేశం సైట్లో రూపాయల్లో చూసి, ఇంకో వారం సింగపూర్ సైట్లో డాలర్లలో చూస్తే అది పోలికే కాదు.

రూపాయి గడి ఎందుకంటే, ఓడ రేటు కదలకపోయినా మనకి పెరగొచ్చు. 2,000 సింగపూర్ డాలర్ల టికెట్ అనుకుందాం. డాలర్ 62 రూపాయలున్నప్పుడు 1,24,000, 66 అయితే 1,32,000. కంపెనీ ఏమీ పెంచకుండానే 8 వేలు. బయటి కరెన్సీలో కార్డు మీద కడితే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ (అదనపు చార్జీ), దాని మీద జీఎస్టీ వేస్తాయి. మీ కార్డుది ఎంతో ముందే చూసుకోండి.

రేటు తగ్గింది, ఇప్పుడేం చేయాలి

పరుగెత్తి రద్దు చేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, గది రకం, మొత్తం కనపడేలా. తర్వాత ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఈ కొత్త రేటు నా బుకింగ్‌కి వేస్తారా. వేస్తే నాకు పాత ఆఫర్‌తో వచ్చిన వైఫై, క్రెడిట్ లాంటివి పోతాయా. పోతే, పోయిన దాని విలువ తీసేశాక నాకు నిజంగా మిగిలేది ఎంత. ఒకసారి నాకు 6 వేలు తగ్గిందని సంతోషించాను, అడిగితే పాత ఆఫర్‌లో ఉన్న వైఫై పోతుందన్నారు, నలుగురికి వైఫై కొంటే అంతకన్నా ఎక్కువే. మార్చుకోలేదు.

మార్చుకోవడం లాభమైతే, కొత్త బుకింగ్ ఖాయమైన కాగితం చేతికొచ్చాకే పాతది రద్దు చేయించండి. ఈ వరస తప్పితే మధ్యలో ఆ గది ఇంకొకరికి పోయే ప్రమాదం ఉంది.

ఆగడం ఎవరికి మంచిది

చెన్నై రేవు నుంచి, ఇద్దరే, ఏ గదైనా ఫర్వాలేదు, ఏ వారమైనా ఫర్వాలేదు. ఈ నాలుగూ ఉంటే ఆగండి. బయల్దేరడానికి మూడు నాలుగు వారాల ముందు చూడండి, బడులు తెరిచాక జూన్ మధ్య నుంచి వారం మధ్య ట్రిప్పులు చూడండి. రేటు నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే ఇంట్లో ఉంటాం అని గట్టిగా అనుకోగలగాలి. పిల్లలకి మాట ఇచ్చేసి ఆగడం కుదరదు.

నలుగురు ఒకే గదిలో అనుకునే వాళ్లు అస్సలు ఆగొద్దు. నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ. పైగా రక్షణ పడవల లెక్కలో ఒక్కో భాగానికి ఇంతమందే అని హద్దు ఉంటుంది కాబట్టి, గది ఖాళీగా కనపడినా మూడో మనిషిని, నాలుగో మనిషిని చేర్చుకోవడం కుదరదని చెప్పే సందర్భాలుంటాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లకి చాలాచోట్ల ఇద్దరి రేటు పడుతుంది, ఒక్కరి గదులున్న ఓడలు వెతుక్కుని, అవి కొద్దిగానే ఉంటాయి కాబట్టి ముందే పట్టుకోండి.

పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే కూడా ఆగొద్దు. వాళ్లకి కింది అంతస్తులో, ఓడ మధ్యలో గది కావాలి, అక్కడ ఊపు తక్కువ. లిఫ్టుకి దగ్గర కావాలి. గ్యారంటీ గది అని చవగ్గా ఇచ్చేది ఒకటుంది, రకం మాత్రమే మీది, నంబర్ వాళ్లిష్టం. అది కుర్రవాళ్లకి మంచిదే, మా అమ్మ లాంటి వాళ్లకి వద్దు.

కొత్త ఓడ మొదటి ట్రిప్పులకి మాత్రం ఇంకో జాగ్రత్త. డిస్నీ అడ్వెంచర్ సింగపూర్ నుంచి 2025 డిసెంబర్లో బయల్దేరాలి, ఓడ తయారీ ఆలస్యమై 2026 మార్చికి జరిగింది. డిసెంబర్ సెలవులకి విమానం టికెట్లు కొనుక్కున్న వాళ్ల పరిస్థితి ఆలోచించండి. ఇంకా తయారవుతున్న ఓడకి టికెట్ తీసుకుంటే, విమానం తేదీ మార్చుకోగలిగే టికెట్ తీసుకోండి.

విమానం, వీసా, పన్ను

అడ్వాన్స్ తిరిగొచ్చే టికెట్ ఓడకి తీసుకున్నాక, విమానం కూడా ఎక్కువ ఆలస్యం చేయొద్దు. ఓడ తేదీ ఖాయమనుకున్న వారంలోనే చూడండి. పాస్‌పోర్ట్ కనీసం ఆరు నెలలు చెల్లేలా ఉండాలి, ఇది బుక్ చేసే ముందే చూడండి, పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే అయిపోతాయి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. సింగపూర్ వీసా మనం నేరుగా పెట్టలేం, వాళ్లు గుర్తించిన ఏజెంటు ద్వారా పెట్టాలి. ఓడలో మలేషియానో థాయ్‌లాండో వెళ్లి మళ్లీ సింగపూర్లో దిగుతారు కాబట్టి, ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీసా వచ్చిందో లేదో చూసుకోండి. ఆ దేశాలు మనకిచ్చే వీసా మినహాయింపులు ఎప్పటికప్పుడు మారుతున్నాయి, బుక్ చేసినప్పుడు ఒకసారి, బయల్దేరే నెలలో ఇంకోసారి చూడండి.

విదేశీ టూర్ ప్యాకేజీగా తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పేరుతో కొంత అదనంగా పట్టుకుంటారు. ఆ శాతాలు బడ్జెట్లలో మారుతున్నాయి, ఈ ఏడాది ఎంతో అడగండి. ఆ డబ్బు మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. ఇంట్లో ఎవరు రిటర్న్ వేస్తారో వాళ్ల పాన్ ఇవ్వండి.

ఇక అక్క సంగతి. అక్టోబర్ ఆఖర్లో అడ్వాన్స్ కట్టింది, తిరిగొచ్చే రకం. నవంబర్, డిసెంబర్ రెండు నెలలూ రేటు పెరుగుతూనే ఉంది, బావ "మంచి పని చేశాం" అన్నాడు. జనవరి మూడో ఆదివారం మేం తీసుకున్న దాని కంటే 11 వేలు తగ్గింది. స్క్రీన్‌షాట్ తీసి ఏజెంటుకి పంపాం, క్రెడిట్ ఏమైనా పోతుందా అని అడిగాం, పోదన్నాడు, మార్పించాం. విమానం నవంబర్లోనే తీసేసుకున్నారు. ఫిబ్రవరి 8 ఆదివారం పొద్దున నోటు పుస్తకం ఆఖరిసారి నింపి, ఫోన్ చేసి చెప్పాను, "అక్కా, రేపే గడువు. రేటు అదే ఉంది. ఇవాళే కట్టెయ్యి." కట్టి, రసీదు పంపి, కింద ఒక ప్రశ్న పెట్టింది: "ఓడలో పెరుగన్నం దొరుకుద్దా?"

దొరుకుతుంది, సింగపూర్ ఓడల్లో మన వాళ్లు చాలామంది ఎక్కుతారు కాబట్టి ఇండియన్ కౌంటర్ ఉంటుంది. ఊరగాయ మాత్రం చిన్న ప్యాకెట్లు పట్టుకెళ్లమన్నాను.